పాత బొమ్మల గురించి పిల్లలకు చెప్పాలంటే ఎక్కడికి తీసుకెళ్ళాలి? బెజవాడ, గుంటూరు తల్లిదండ్రుల కోసం ఒక పోలిక

వేసవి సెలవులు వచ్చాయంటే చాలా ఇళ్ళలో ఇదే చర్చ. పిల్లల చేతిలోంచి ఫోన్ తీసేయాలి, మన చిన్నప్పటి బొమ్మలు, తాతల కాలం నాటి బొమ్మలు చూపించాలి, అంతవరకూ సరే, కానీ ఎక్కడికి తీసుకెళ్ళాలి? బందరు రోడ్డులో ఉన్న బాపు మ్యూజియానికా, కొండపల్లికా, అమరావతికా, లేకపోతే కాస్త ఖర్చు పెట్టుకుని హైదరాబాద్ సాలార్ జంగ్‌కా?

ఒక మాట ముందే చెప్పేస్తాను. మన రెండు ఊళ్ళ చుట్టుపక్కల ఉన్న ప్రభుత్వ మ్యూజియాలు బొమ్మల కోసం కట్టినవి కావు. వాటిలో ఎక్కువగా ఉండేవి శిల్పాలు, శాసనాలు, నాణేలు, పాత ఆయుధాలు. మ్యూజియం అన్న బోర్డు చూసి బండి ఆపేస్తే, బొమ్మలు చూడబోతున్నామని ఆశపడి వచ్చిన పిల్లలు అరగంటలో "ఇంటికి పోదాం" అంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అలాగని మనకు దారి లేదని కాదు. నలభై కిలోమీటర్ల లోపలే మంచి చోట్లు ఉన్నాయి, కాకపోతే ఏ చోటు దేనికి పనికొస్తుందో తెలుసుకుని, ఒక వరసలో వెళ్ళాలి. ఆ వరస గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది: బొమ్మ ముందు పిల్లల చేతిలో పడాలి, ఆ తర్వాతే వాళ్ళని అద్దాల బీరువా ముందు నిలబెట్టాలి. తిరగేసి చేస్తే మ్యూజియం వాళ్ళకి ఇంకో క్లాస్‌రూమే అవుతుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ముట్టుకోవచ్చా? ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకైతే ఇదొక్కటే చాలు. చెక్క ఎంత తేలిగ్గా ఉందో, లక్క ఎంత నున్నగా ఉందో వేలితో తెలియాలి. "ముట్టుకోవద్దు" అన్న బోర్డు కింద నిలబెట్టి బొమ్మల గురించి పాఠం చెప్పడం వాళ్ళకి అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఆడుకున్న బొమ్మా, చూసుకునే బొమ్మా? మనం రెండింటినీ బొమ్మలే అంటాం. కానీ కొలువులో మెట్ల మీద పెట్టే దశావతారాలు వేరు, దుమ్ములో దొర్లిన బొంగరం వేరు. పూర్వం పిల్లలు ఎలా ఆడుకునేవాళ్ళో చెప్పాలని వెళ్ళి, కొలువు బొమ్మలు మాత్రమే చూపించి వస్తే సగం కథే చెప్పినట్టు.

ఎవరి బొమ్మ? దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే. మ్యూజియంలోకి చేరేవి రెండు రకాలు. ఒకటి, పాడవని వస్తువుతో చేసినవి: కాల్చిన మట్టి, రాయి, లోహం. రెండోది, డబ్బున్న వాళ్ళు కొనుక్కుని జాగ్రత్తగా దాచుకున్నవి. మామూలు ఇళ్ళ పిల్లలు ఆడుకున్న గుడ్డ బొమ్మ, తాటాకు గిరక, కొబ్బరాకు బూర మన కృష్ణా ఒడ్డు తేమకీ చెదలకీ ఎన్నాళ్ళు ఆగుతాయి? బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టులో దొరికిన రోమన్ల కాలం నాటి గుడ్డ బొమ్మ ఒకటి ఉంది. నారబట్టతో కుట్టి, లోపల గుడ్డ పీలికలు, పపైరస్ కుక్కినది. అది ఇన్ని వందల ఏళ్ళు నిలిచిందంటే అక్కడి పొడి వాతావరణం పుణ్యమే. అలాంటి బొమ్మలు మన దగ్గర కూడా పిల్లలు ఎత్తుకుని తిరిగే ఉంటారు, మిగల్లేదంతే. ఈ సంగతి పిల్లలకి చెప్తే మ్యూజియంలో ఉన్నవాటిని చూస్తూనే అక్కడ లేనివాటి గురించి కూడా అడగడం మొదలుపెడతారు.

ఇక దూరం, ఎండ, టికెట్, బాత్‌రూమ్ లాంటివి ఎలాగూ చూసుకుంటారు. సెలవు రోజు మాత్రం మర్చిపోతుంటారు, దాని గురించి కింద రాశాను.

## ఒక్క చూపులో

| ఎక్కడ | బెజవాడ నుంచి దూరం | ముట్టుకోవచ్చా | ఏం దొరుకుతుంది | ఏ వయసుకి బాగుంటుంది |
|---|---|---|---|---|
| కొండపల్లి బొమ్మల కాలనీ | సుమారు 20 కి.మీ. | అవును | తయారీ కళ్ళారా చూడొచ్చు, కొలువు బొమ్మలు | 4 ఏళ్ళ నుంచి అందరికీ |
| బాపు మ్యూజియం | ఊళ్ళోనే | కాదు | శిల్పాలు, నాణేలు, ఆయుధాలు | 9 దాటిన వాళ్ళకి |
| అమరావతి మ్యూజియం | సుమారు 40 కి.మీ., గుంటూరు నుంచి ఇంకా దగ్గర | కాదు | స్తూపం, పాలరాతి శిల్పాలు | 10 దాటిన వాళ్ళకి |
| సాలార్ జంగ్, హైదరాబాద్ | సుమారు 275 కి.మీ. | కాదు | నిజంగా బొమ్మలున్న గ్యాలరీ, గంట కొట్టే గడియారం | 6 నుంచి 14 |
| ఏటికొప్పాక | విశాఖ దారిలో | అవును | లక్క బొమ్మలు, లేత్ పని | అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకి |
| ఢిల్లీ మ్యూజియాలు | టూర్ వెళ్తేనే | కాదు | హరప్పా మట్టి బొమ్మలు, దేశదేశాల బొమ్మలు | 8 దాటిన వాళ్ళకి |
| ఇల్లు, అమ్మమ్మ పెట్టె | సున్నా | అవును, ఆడుకోవచ్చు కూడా | మామూలు పిల్లల బొమ్మలు, ఆటలు | అందరికీ |

## కొండపల్లి: మొదటి ఓటు దీనికే

కొండపల్లి మ్యూజియం కాదు, నిజమే. కానీ ఇళ్ళే వర్క్‌షాపులుగా ఉన్న ఆ కాలనీలో పిల్లలకి ఒక్క గంటలో అర్థమయ్యేది, ఏ గ్యాలరీలో పూటంతా తిరిగినా అర్థం కాదు. చెక్క మొద్దు, సగం చెక్కిన ఏనుగు, తెల్లగా సున్నం పూసి ఆరబెట్టిన తలలు, రంగు వేసిన బొమ్మ, నాలుగు దశలూ ఒకే అరుగు మీద వరసగా కనిపిస్తాయి. బొమ్మ అంటే ఫ్యాక్టరీ నుంచి అట్టపెట్టెలో వచ్చేదనుకునే పిల్లలకి ఇది చాలా పెద్ద విషయం.

ఏం చూపించాలో తెలిసి వెళ్తే ఇంకా బాగుంటుంది. ముందు చెక్క. తెల్ల పొణికి అంటారు, చాలా మెత్తన, చాలా తేలిక. బొమ్మలు చేసేవాళ్ళని అడిగి ఒక చెక్కని పిల్లల చేతిలో పెట్టించండి, అదే సైజు మామూలు చెక్క ఎంత బరువుంటుందో వాళ్ళకి తెలుసు కాబట్టి మొహంలో ఆశ్చర్యం వెంటనే కనిపిస్తుంది. ఆ చెక్కలో తడి లేకుండా బాగా ఆరబెట్టి, వేడి చేసి, అప్పుడు చెక్కుతారు. ఆ తర్వాత అసలు సంగతి: ఏనుగు అంతా ఒకే చెక్కలోంచి రాదు. ఒళ్ళు వేరు, తొండం వేరు, కాళ్ళు వేరు, పైన అంబారీ వేరు. వీటన్నిటినీ చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అతుకులు కనపడకుండా నున్నగా చేసి, సున్నం పూసి, ఆరాక సన్నటి కుంచెలతో రంగులు. "అతుకు ఎక్కడుందో వెతుకు" అని ఒక బొమ్మ ఇచ్చి చూడండి, పిల్లలు ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పుతూ ఎంతసేపైనా కూర్చుంటారు.

ఈ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆర్యక్షత్రియులు. వాళ్ళ పూర్వీకులు కొన్ని వందల ఏళ్ళ కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని తరతరాలుగా చెప్పుకుంటారు. కాస్త పెద్ద పిల్లలైతే పొణికి చెట్లు తగ్గిపోవడం గురించి కూడా మాట్లాడండి. చెట్టు దొరక్కపోతే బొమ్మ రేటు ఎందుకు పెరుగుతుందో, చెట్టు పెరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో, ఆ ప్రశ్నలు వాళ్ళ నుంచే వస్తాయి.

లోటు ఏమిటంటే, ఇందాక అన్న తేడా. కొండపల్లి బొమ్మలు చాలావరకు చూసుకునేవి: దశావతారాలు, అంబారీ ఏనుగు, పెళ్ళి పల్లకి, కల్లు గీసేందుకు తాటిచెట్టు ఎక్కుతున్న మనిషి, ఎడ్లబండి, పల్లెటూరి సెట్. పాత ఊరి జీవితం ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకంటే మంచివి దొరకవు. రోట్లో దంచుతున్న ఆడమనిషి, కుండలు చేసే కుమ్మరి, మగ్గం దగ్గర కూర్చున్న మనిషి, వీటిని చూపిస్తూ ఒక్కో పని గురించి చెప్పుకుంటూ పోవచ్చు. కానీ పూర్వం పిల్లలు వీటితో వీధిలో ఆడుకునేవాళ్ళని మాత్రం చెప్పకండి. ఈ మెత్తటి చెక్క బొమ్మలు ఒక్కసారి కింద పడితే చెయ్యో తొండమో ఊడి వస్తుంది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి అసలు ఇవ్వొద్దు, ఇప్పుడు ఎక్కువగా వాడేది మామూలు పెయింట్లే.

ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులు, ఆటోలు ఉంటాయి, కొండపల్లికి రైల్వే స్టేషన్ కూడా ఉంది. ఓపిక ఉంటే పొద్దున్నే రెడ్డిరాజుల నాటి ఖిల్లా చూసి, ఎండ ఎక్కేసరికి కాలనీకి దిగండి. ఇంటింటికీ వెళ్ళి చూసి, ఫొటోలు తీసుకుని, ఏమీ కొనకుండా వచ్చేయడం మాత్రం మంచిది కాదు. వాళ్ళు పని ఆపి మన పిల్లలకి చూపిస్తారు, చిన్న బొమ్మైనా ఒకటి కొనాలి, బేరం మరీ లాగకూడదు. దసరా, సంక్రాంతి ముందు వాళ్ళకి తీరిక తక్కువ.

## బాపు మ్యూజియం: బొమ్మల కోసమైతే రెండో విడత

1887లో విక్టోరియా రాణి పేరుతో మొదలైన ఈ భవనాన్ని 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. ఊళ్ళోనే ఉంది, నీడ ఉంది, గంటన్నరలో చూసెయ్యొచ్చు. బొమ్మల పేరు చెప్పి తీసుకెళ్తే నిరాశే. కానీ కొండపల్లి చూసిన పిల్లలకి ఇక్కడ ఒక పని పెట్టొచ్చు: మనిషి చేత్తో చేసిన జంతువులు ఎన్ని కనిపిస్తాయో వెతకమనండి, దేన్ని దేంతో చేశారో, ఎక్కడ విరిగిందో చూడమనండి. అతుకులు వెతకడం నేర్చుకున్న కళ్ళు రాతిలో ఉలి దెబ్బల్ని కూడా పట్టుకుంటాయి. అంతవరకే ఆశించండి. ఐదారేళ్ళ పిల్లలున్న ఇంటికి నేనైతే దీన్ని సలహా ఇవ్వను.

## అమరావతి: గుంటూరు వాళ్ళకి దగ్గర, కానీ బొమ్మలకి దూరం

గుంటూరు నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం కాబట్టి 15 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్ ఉండదు, శుక్రవారం సెలవు. అక్కడి స్తూపం ముక్కల్లో మంచివి ఎన్నో చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్‌లోనూ ఉన్నాయి, మిగిలినవే ఇక్కడ చూస్తాం. అయినా రెండు వేల ఏళ్ళ కిందటి మనుషులు ఏం కట్టుకున్నారు, ఏ నగలు పెట్టుకున్నారు, ఏనుగుని ఎలా చెక్కారు అన్నది పదేళ్ళు దాటిన పిల్లలకి చాలా ఆసక్తిగా ఉంటుంది. బొమ్మలతో దీనికి సంబంధం మనం కల్పించాల్సిందే. ఆ ముడి వేయడానికి ఓపిక లేకపోతే అమరావతిని చరిత్ర కోసం విడిగా పెట్టుకోండి, రెండూ కలిపితే దేనికీ న్యాయం జరగదు.

## సాలార్ జంగ్: నిజంగా బొమ్మలున్న చోటు

మనకి అందుబాటులో, అద్దాల బీరువాల్లో పాత ఆటబొమ్మలు ఉన్న పెద్ద మ్యూజియం ఇదే. హైదరాబాద్ నిజాం దగ్గర ప్రధానిగా చేసిన మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన వస్తువులతో 1951లో తెరిచారు, ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. పిల్లల విభాగంలో బొమ్మ సైనికుల దళాలు, బొమ్మ రైళ్ళు ఉంటాయి. ఇక ప్రతి గంటకీ ఒక చిన్న మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోయే గడియారం దగ్గర జనం ముందే చేరి కూర్చుంటారు. పిల్లల్ని కింద, ముందు వరసలో కూర్చోబెట్టండి, వెనక నుంచుంటే పెద్దవాళ్ళ వీపులే కనిపిస్తాయి.

ఇక్కడే "ఎవరి బొమ్మ?" అన్న ప్రశ్న బాగా పనికొస్తుంది. ఇవి నవాబు గారి సేకరణ. ఆ కాలంలో ఇంత సైన్యాన్ని బొమ్మలుగా కొనగలిగినవాళ్ళు ఎందరు? అదే రోజుల్లో మన తెనాలి పక్క పల్లెలో కుర్రాడు ఏం నడిపాడు? ముంజకాయల బండి. ముంజలు తినేశాక మిగిలిన రెండు కాయలు, వాటిని కలుపుతూ ఒక గట్టి పుల్ల, ఆ పుల్లని నెట్టడానికి చివర పంగ ఉన్న పొడుగాటి కర్ర. అంతే బండి. వీధి చివరిదాకా పరిగెత్తినా ఊడదు, వాడిపోతే మర్నాడు ఇంకో రెండు కాయలు. ఏ మ్యూజియంలోనూ దాన్ని పెట్టలేరు, నెల తిరక్కుండా కుళ్ళిపోతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో మన రోడ్ల పక్కన ముంజలమ్మే వాళ్ళ దగ్గర ఇప్పటికీ ఆ కాయలు దొరుకుతాయి. సాలార్ జంగ్‌కి వెళ్ళే ముందో, వెళ్ళొచ్చాకో ఒక ముంజకాయల బండి చేసి చూపించండి. ఈ రెండూ పక్కపక్కన పెడితేనే పిల్లలకి పాత కాలం పూర్తిగా కనిపిస్తుంది, ఏ ఒక్కటి చూపించినా అందరూ అలాగే బతికారనుకుంటారు.

ఇబ్బంది దూరమే. పొద్దున్నే శాతవాహన రైలు ఎక్కినా మ్యూజియం గేటు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం, సాయంత్రం వెనక్కి పరుగు. బంధువుల ఇంట్లో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. ఇది కూడా శుక్రవారం మూసేస్తారు. మ్యూజియం చాలా పెద్దది, అన్ని గదులూ తిప్పాలని చూడొద్దు. బొమ్మలు, గడియారం, ఇంకొక్క గది, చాలు.

## ఏటికొప్పాక, ఢిల్లీ: దారిలో పడితే

విశాఖ వెళ్ళే పనుంటే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో ఆగండి. కొండపల్లిలో లేనిది ఇక్కడ దొరుకుతుంది, అంటే నిజంగా ఆడుకునే బొమ్మలు. బొంగరాలు, గిలక్కాయలు, లక్కపిడతలు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క పుల్లని దానికి ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. క్షణాల్లో తెల్ల చెక్క ఎర్రగానో పసుపుగానో మెరిసిపోవడం పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు. గింజలు, ఆకులు, వేర్లు, బెరళ్ళ నుంచి రంగులు తీసే పద్ధతిని మళ్ళీ నిలబెట్టినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంచులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలున్న ఇంటికి కొనాలంటే నా ఓటు కొండపల్లికి కాదు, వీటికే. సహజ రంగులవేనా అని మాత్రం అడిగి కొనండి. అంత దూరం వెళ్ళలేకపోతే ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షి షోరూమ్‌లో రెండు ఊళ్ళ బొమ్మలూ దొరుకుతాయి, కానీ తయారీ చూడలేరు.

ఢిల్లీ టూర్ ఉంటే రెండు చోట్లు. నేషనల్ మ్యూజియంలో హరప్పా గ్యాలరీ, అందులో నాలుగు వేల ఏళ్ళు దాటిన మట్టి బండ్లు, జంతువులు. కొండపల్లి ఎడ్లబండి ఇంట్లో ఉన్న పిల్లలు ఆ మట్టి బండి ముందు ఆగకుండా వెళ్ళరు, ఎందుకంటే అది వాళ్ళకి తెలిసిన వస్తువు. ముందు చెయ్యి, తర్వాత కన్ను అని నేను పట్టుబట్టేది ఇందుకే. రెండోది శంకర్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం. కార్టూనిస్టు శంకర్ పిళ్ళైకి హంగరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మతో మొదలైన సేకరణ అది, 1965లో తెరిచారు. అక్కడ ఎక్కువగా ఉన్నవి వేషభాషలు చూపించే బొమ్మలు, ఆడి అరిగిపోయినవి కావు. ఢిల్లీలో ఈ రెండింటికీ సోమవారం సెలవు.

## ఎక్కడికీ వెళ్ళలేకపోతే

ఎండలు మండుతున్నాయి, ఇంట్లో పసిపిల్ల ఉంది, ఆదివారం తప్ప తీరిక లేదు. ఇలాంటి ఇళ్ళే ఎక్కువ. దాని గురించి టెన్షన్ పడకండి.

ఫోన్లోనే చూపించాలంటే రీల్స్ కాకుండా మ్యూజియాల సొంత సైట్లు చూపించండి. అమెరికాలో రోచెస్టర్ ఊళ్ళో స్ట్రాంగ్ అనే ఆటల మ్యూజియం ఉంది, అక్కడి ప్రసిద్ధ బొమ్మల జాబితాలో 2005లో అట్టపెట్టెని, 2008లో కర్రని చేర్చారు. "కర్ర కూడా బొమ్మేనా?" అని మన పిల్లలు అడక్కుండా ఉండరు, అప్పుడు కర్రాబిళ్ళ గురించి చెప్పడానికి మీకు దారి దొరికినట్టే. ఫోన్ చూపించడం పది నిమిషాలు దాటనివ్వకండి, దాటితే అది వేరే వీడియోలోకి వెళ్ళిపోతుంది.

అంతకంటే మంచిది అమ్మమ్మనో నాయనమ్మనో అడగడం. పాత పెట్టెలో ఇత్తడి పిడతలో, గవ్వలో, వామనగుంటల పీటో ఉండొచ్చు. ఏమీ లేకపోయినా చింతగింజలుంటే చాలు. గింజని ఒక వైపు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీయాలి, ఆ పని పిల్లలకే ఇవ్వండి, వేళ్ళు కాస్త నొప్పి పుడతాయి కానీ వదలరు. అలాంటివి నాలుగు చేస్తే అష్టాచెమ్మాకి పందేలు సిద్ధం. సుద్దతో గళ్ళు గీసి ఆడించండి. ఆ తర్వాత వాళ్ళు ఫోన్లో ఆడే లూడో గురించి చెప్పండి: మన పచ్చీసునే కాస్త మార్చి 1896లో ఇంగ్లండ్‌లో ఆ పేరుతో పేటెంట్ తీసుకున్నారు. పాములు నిచ్చెనలు కూడా అంతే, మన వైకుంఠపాళి అటు వెళ్ళి వచ్చినదే. ఈ రెండు సంగతులు తెలిశాక పాత ఆట అంటే పిల్లలకి చులకన పోతుంది.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లయితే అదే మీ మ్యూజియం. ఈసారి ప్రతి బొమ్మ పక్కనా పిల్లల చేత ఒక చీటీ రాయించండి: దేంతో చేశారు, ఎక్కడ కొన్నారు, ముందు ఎవరిది. పేరంటానికి వచ్చిన వాళ్ళకి ఆ చీటీలు చదివి చెప్పే పని కూడా పిల్లలదే.

## మరి మీకు ఏది?

ఐదేళ్ళ లోపు పిల్లలైతే ఇల్లు, ఏటికొప్పాక గిలక్కాయలు, వీలైతే ఒక పూట కొండపల్లి. మ్యూజియాలు వద్దు.

ఆరు నుంచి తొమ్మిది మధ్య వయసైతే కొండపల్లి తప్పనిసరి, అదే సెలవుల్లో సాలార్ జంగ్ కుదిరితే ఇంకా మంచిది. ఈ రెండింటికీ మధ్య కొన్ని వారాలు ఖాళీ ఉండనివ్వండి, ఆ లోపల వాళ్ళు బొమ్మతో ఆడతారు, విరగ్గొడతారు, ప్రశ్నలు పోగవుతాయి.

పది దాటిన వాళ్ళకి బొమ్మలంటే చిన్నపిల్లల సరుకు అన్న బిడియం మొదలవుతుంది. వాళ్ళని తయారీ వైపు నుంచి లాగండి. చెక్క, లేత్, రంగు, రేటు, అమ్మకం. బాపు మ్యూజియం, అమరావతి వీళ్ళకే పనికొస్తాయి. వీళ్ళ చేతికి నాలుగు ప్రశ్నలున్న కాగితం ఇవ్వండి: దేంతో చేశారు, ఎవరు చేశారు, ఎవరు ఆడుకున్నారు, విరిగితే ఏం చేసేవాళ్ళు. నాలుగో ప్రశ్న దగ్గర పిల్లలు ఎక్కువసేపు ఆగుతారు, ఎందుకంటే వాళ్ళింట్లో విరిగిన ప్లాస్టిక్ బొమ్మ తిన్నగా చెత్తబుట్టలోకే పోతుంది.

అమెరికా నుంచి నెల రోజులకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఒకటే, అమ్మమ్మ ఇల్లు, కొండపల్లి, అంతే. పెద్ద పెద్ద మ్యూజియాలు వాళ్ళకి అక్కడే ఉన్నాయి.

టీచర్లకి ఇంకో మాట. క్లాసు మొత్తాన్ని కొండపల్లి కాలనీకి ఒకేసారి తీసుకెళ్తే ఆ చిన్న ఇళ్ళలో పిల్లలు పట్టరు, పనీ సాగదు. రెండు మూడు జట్లు చేసి, ఒక జట్టు ఖిల్లా మీద ఉండగా ఇంకో జట్టు కాలనీలో ఉండేలా చూడండి. లేదా పని చేసే వాళ్ళనే రోజు కూలి నష్టపోకుండా డబ్బు ఇచ్చి స్కూలుకి పిలవండి. ఊరికే వచ్చి చూపించమని అడగడం భావ్యం కాదు.

## వెళ్ళే ముందు

సాలార్ జంగ్, అమరావతి శుక్రవారం ఉండవు, ఢిల్లీవి సోమవారం ఉండవు. మిగతా వాటికి పండగ రోజుల్లో బయల్దేరే ముందు కనుక్కోండి. ఎండాకాలంలో కొండపల్లి పది లోపల, లేదా నాలుగు దాటాక.

కొన్న బొమ్మల్ని ఇంటికి తెచ్చుకునేటప్పుడు సంచిలో పడేయకండి. అట్టపెట్టె ఒకటి వెంట తీసుకెళ్ళి, పాత పేపర్లు నలిపి చుట్టూ కుక్కి, పిల్లల ఒళ్ళో కాకుండా కాళ్ళ దగ్గర పెట్టండి. అయినా తొండం ఊడితే పారేయొద్దు. కాస్త చెక్కపొట్టు, ఫెవికాల్ కలిపి ముద్ద చేసి పిల్లల చేతే అతికించండి, ఒక రాత్రి ఆరనివ్వండి, మర్నాడు గరుకు కాగితంతో మెల్లిగా రుద్ది అతుకు మీద రంగు వేయించండి.